ఫర్నేసుకి మూడు కొటేషన్లు, మోటరుకి ఒక ఫోన్‌పే

షికాగోలోనో డెట్రాయిట్‌లోనో ఇల్లు కొనుక్కున్న మన సాఫ్ట్‌వేర్ మిత్రుల్ని ఎవర్నైనా ఒకసారి కదిపి చూడండి. జనవరి నెలలో ఇంట్లో ఫర్నేస్ ఆగిపోతే ఏం చెయ్యాలో గంటసేపు క్లాసు తీసుకుంటారు. (ఇండియాలో ఉన్నవాళ్ల కోసం: ఫర్నేస్ అంటే చలికాలంలో ఇల్లంతా వేడిగాలి కొట్టే గ్యాస్ యంత్రం. అక్కడ అది ఆగితే మనుషులు వణకడమే కాదు, పైపుల్లో నీళ్లు గడ్డకట్టి పైపులే పగిలిపోతాయి.) వచ్చి చూసినందుకు ఎంత, పార్టుకెంత, లేబర్‌కెంత అని విడివిడిగా అడగాలంట. మొదటివాడు "మొత్తం మార్చెయ్యాలి సార్" అంటే నమ్మకుండా ఇంకో ఇద్దర్ని పిలవాలంట. మంట వెలిగిందా లేదా కనిపెట్టే ఫ్లేమ్ సెన్సర్ మీద పొర పేరుకుంటే స్టీల్ పీచుతో మెల్లగా రుద్దితే చాలంట, దానికోసం కంట్రోల్ బోర్డు అంటగట్టేవాడుంటే వాడు దొంగంట. చవకైన గాలి ఫిల్టర్ టైముకి మార్చకపోతే లోపల వేడెక్కి, వేడెక్కి, ఖరీదైన హీట్ ఎక్స్చేంజర్ పగుళ్లిస్తుందంట. అప్పుడు కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకొచ్చి ప్రాణం మీదికి రావచ్చంట.

భేష్. ఒక్క ముక్క కూడా తప్పు కాదు. ఇంటి యజమాని అన్నవాడు అలాగే ఉండాలి.

ఇప్పుడు అదే మిత్రుడికి ఊర్నించి ఫోనొస్తుంది. "మోటరు మల్ల కాలిందిరా. షాపుకు పట్కపోతున్నం. పైసలు కొట్టు." మనవాడు ఒక్క ప్రశ్నే అడుగుతాడు, "ఎంత?" అని. ఫోన్‌పే కొడతాడు. మళ్లీ మీటింగ్‌లో జాయినవుతాడు. ఎందుకు కాలిందో అడగడు. పోయినేడు కాలింది ఇదే మోటరా అని అడగడు. రెండో కొటేషన్ సంగతి దేవుడెరుగు, మొదటి కొటేషన్ కూడా ఉండదు.

నా గొడవంతా ఆ ఒక్క ఫోన్‌పే గురించే.

మాది పోచంపాడ్ డ్యామ్‌కి దగ్గర్లోనే. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు. కాగితాల మీద శ్రీరాంసాగర్, మా నోట్లో మాత్రం ఇప్పటికీ పోచంపాడే. "అంత పెద్ద డ్యామ్ పక్కన పెట్టుకుని మీకు బోరెందుకు?" అని హైదరాబాద్ మిత్రులు అడుగుతుంటారు. కాలువ నీళ్లు పల్లానికి పోతాయి స్వామీ, మా పొలం మిట్ట మీదుంది. పైగా తొమ్మిది నెలల దాకా భూమిలో ఉండే పసుపు, కాలువ ఎప్పుడు వదుల్తారో ఎప్పుడు కట్టేస్తారో చూసుకుని పెరగదు. ఆర్మూర్, బాల్కొండ వైపు పసుపు. అటు బోధన్ వైపు ఒకప్పుడు చెరుకు, ఇప్పుడు ఎటు చూసినా వరి. ఏ పంటైనా, కాలువ నీళ్లు అందని చోట దాని కిందున్నది ఒక్కటే, మూడు ఫేజుల మీద తిరిగే 5 హెచ్‌పీ బోరు మోటరు. చలిదేశంలో ఇంటికి ఫర్నేస్ ఎట్లాగో మా ఇళ్లకి ఈ మోటరు అట్లా. ఆగకూడని టైములో ఆగిందంటే ఆ యాసంగి గోవిందా.

సరే, డబ్బుల సంగతికొద్దాం. పోయినసారి మా ఇంటి బిల్లు ఇదీ. బోరులోంచి పైపులతో సహా మోటరు గుంజి, మళ్లీ దింపినందుకు 2,000. వైండింగ్ 5,500. బుష్షులు, థ్రస్ట్ బేరింగ్ కలిపి 900. కేబుల్ జాయింటు 300. నిజామాబాద్‌కి తీసుకుపోయి తెచ్చిన ట్రాలీ ఆటో 800. మొత్తం 9,500 రూపాయలు. ఇది కాక బిల్లులో ఎవడూ రాయని లైను ఒకటుంది. పొట్టకొచ్చిన వరికి ఐదు రోజులు నీళ్లు లేవు. దాని ఖరీదు కోత కోసి కాంటా పెట్టినప్పుడు గానీ తెలీదు. అప్పటికి మోటరు సంగతి అందరూ మర్చిపోయి ఉంటారు కాబట్టి ఆ నష్టం "ఈసారి దిగుబడి తక్కువొచ్చింది" అనే పద్దు కింద పోతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ బిల్లులో ప్రతి లైనూ కాలిన దాన్ని బాగుచేసిన ఖర్చే. కాలడానికి కారణాన్ని బాగుచేసిన ఖర్చు ఒక్క రూపాయైనా ఉందా? లేదు. మీ ఆఫీసులో ప్రొడక్షన్ సర్వర్ పడిపోతే రీస్టార్ట్ కొట్టి టికెట్ మూసేస్తే మీ మేనేజర్ ఊరుకుంటాడా? "రూట్ కాజ్ ఏదీ?" అని ప్రాణం తీస్తాడు. నాలుగు పేజీల డాక్యుమెంట్ రాయిస్తాడు. సొంత పొలంలో మాత్రం ఏడాదికోసారి రీస్టార్ట్ కొడుతూనే ఉంటాం. అది కూడా మన జీతంతో!

మోటరు ఊరికే కాలదు. మనం ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో చదివి పరీక్ష రాసి మర్చిపోయిన విషయమే ఇది. ఒకసారి గుర్తు తెచ్చుకుందాం.

మొదటిది లో వోల్టేజి. ఫేజుకీ ఫేజుకీ మధ్య 415 వోల్టులు ఉండాలి. అది ఇరవై శాతం పడిపోయిందనుకోండి. మోటరు మీదున్న నీళ్ల బరువు తగ్గదు కదా, అదే పని చెయ్యడానికి సుమారు పాతిక శాతం ఎక్కువ కరెంటు లాగుతుంది. వైండింగ్‌లో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి వేడి ఒకటిన్నర రెట్లు దాటిపోతుంది. స్టార్టింగ్ టార్క్ వోల్టేజి వర్గాన్ని బట్టి పడిపోతుంది కాబట్టి స్విచ్ వేసినప్పుడు మూలుగుతుంది, తిరగడానికి ఆలస్యం చేస్తుంది. ఆ మూలిగే సెకన్లలో మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు. వైండింగ్ ఇన్సులేషన్ ఉండాల్సిన దానికంటే పది డిగ్రీల వేడి ఎక్కువైతే దాని ఆయుష్షు సగమవుతుందన్నది ఇంజనీర్లందరికీ తెలిసిన లెక్క. అంటే మోటరు కాలింది మార్చిలోనే అయినా, చావు మొదలైంది పోయిన నవంబర్లో.

రెండోది ఒక ఫేజు పోవడం. మా వైపు "టూ ఫేజ్ మీద నడిచింది" అంటారు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక ఫ్యూజు పోతే తిరుగుతున్న మోటరు ఆగదు, మిగిలిన రెండింటి మీదే ఏడుస్తూ తిరుగుతుంది. పూర్తి లోడులో ఉంటే వాటిల్లో కరెంటు దాదాపు 1.73 రెట్లు, అంటే వేడి మూడింతలు. ఇది నిమిషాల్లో పని ముగిస్తుంది. దీన్ని ఆపడానికే స్టార్టర్‌లో సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ అని ఒకటుంటుంది, ఓవర్‌లోడ్ రిలే అని ఇంకోటుంటుంది.

మూడోది బోరులో నీళ్లు లేకుండా తిరగడం. బోరు మోటరుకి చల్లదనమూ, బుష్షులకి నూనె లాంటిదీ ఆ నీళ్లే. నీళ్లు దిగిపోతే రెండూ పోతాయి.

మా ఇంట్లో కారణం దొరికింది. ఎక్కడో కాదు, స్టార్టర్ డబ్బాలోనే. ఎప్పుడో ఒక మెకానిక్, అది మాటిమాటికీ ట్రిప్ అవుతోందని, "ఇది ఉంటే లొల్లి" అని, ప్రివెంటర్‌ని పక్కన పెట్టి చిన్న వైరు ముక్కతో డైరెక్టు కలిపేశాడు. రిలేని తిప్పి చివరి గీత దగ్గర పెట్టాడు. ట్రిప్ అవడం ఆగింది. మోటరు కాలడం మొదలైంది! ఫర్నేస్‌లో కార్బన్ మోనాక్సైడ్ అలారం గోల పెడుతోందని బ్యాటరీ పీకి పారేసినట్టు. కొత్త ప్రివెంటర్, పిట్టలు పొడిచినట్టు గుంటలు పడిపోయిన కాంటాక్టులు మార్చడం, అంతా కలిపి వైండింగ్ ఖర్చులో సగం కూడా కాలేదు. ఆ సగం ముందే పెట్టి ఉంటే 9,500 ఉండేది కాదు.

"ఇదంతా మెకానిక్కుల మోసం" అని నేనట్లేదు. నిజామాబాద్ వైండింగ్ షాపుల్లో పనిచేసేవాళ్ల చేతిలో ఉన్న విద్య మన చేతిలో లేదు. కాలిన స్టేటరు చూసి, ఏ ఫేజు కాయిళ్లు నల్లగా మాడాయో చూసి, "ఇది టూ ఫేజ్ మీద నడిచింది సార్", "ఇది లోడెక్కువై మొత్తం మాడింది" అని చెప్పగలరు. రెండు ఫేజుల కాయిళ్లు మాడి మూడోది కొత్తదానిలా ఉందంటే ఫేజు పోయిందని అర్థం. మూడూ సమానంగా మాడితే లో వోల్టేజి, ఓవర్‌లోడ్ లేదా జామ్ అయి ఉండాలి. అంటే కారణం చెప్పే సాక్ష్యం షాపులో బల్ల మీదే ఉంటుంది. కానీ దాన్ని అడిగే కస్టమర్ లేడు. అడగని దానికి వాళ్లెందుకు చెప్తారు? బాగైన మోటరు పట్టుకుని ఎంత తొందరగా బయటపడదామా అని చూసే ముసలాయన, హైదరాబాద్ నుంచో అమెరికా నుంచో డబ్బులు కొట్టే కొడుకు... వీళ్లిద్దరి మధ్యా ఆ సాక్ష్యాన్ని తుక్కులో పారేస్తున్నారు.

తుక్కంటే గుర్తొచ్చింది. పాత వైండింగ్‌లోంచి తీసిన రాగి మీదే. తుక్కులో కూడా రాగి కిలో వందల రూపాయలు పలుకుతుంది. బిల్లులో దాన్ని తీసేశారా, లేక షాపులోనే ఉండిపోయిందా అని అడిగే హక్కు మీకుంది. అడిగితే ఎవరూ ఏమనుకోరు. అడక్కపోతే మాత్రం ఎవరూ వాళ్లంతట వాళ్లు ఇవ్వరు.

ఇంకోటి. ఎన్నిసార్లని రీవైండింగ్ చేయిస్తారు? పాత వైండింగ్‌ని ఇష్టమొచ్చినట్టు మంట పెట్టి కాల్చి పీకితే లోపలి ఇనప రేకుల మధ్య ఉండే ఇన్సులేషన్ దెబ్బతింటుంది. తీగ గేజి ఒక నంబరు సన్నగా వేసినా, చుట్లు అటూ ఇటూ అయినా మోటరు తిరుగుతుంది. కానీ ఎక్కువ కరెంటు తాగుతుంది, ఎక్కువ వేడెక్కుతుంది, తొందరగా మళ్లీ షాపుకొస్తుంది. మా బిల్లు లెక్కన మూడుసార్లు కాలితే 28,500. అప్పటికి ఐఎస్ఐ మార్కున్న కొత్త మోటరు ధర దగ్గరికి వచ్చేస్తాం, చేతిలో మాత్రం మూడుసార్లు చచ్చి బతికిన పాతదే ఉంటుంది. ఫర్నేస్ విషయంలో "రిపేరా, కొత్తదా" అని ఎక్సెల్ షీటు వేసే మహానుభావులు ఈ మూడు లైన్ల లెక్క వెయ్యలేరా?

ఇక్కడిదాకా ఒక ఇంటి కథ. ఇప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి పోదాం. ఎందుకంటే ఇంట్లో అన్నీ సరిగ్గా ఉన్నా మోటర్లు కాలుతున్నాయంటే కారణం అక్కడుంటుంది.

100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఉందనుకోండి. పాత 5 హెచ్‌పీ మోటరు, పవర్ ఫ్యాక్టర్, ఎఫిషియెన్సీ అన్నీ చూసుకుంటే దాదాపు ఆరు కేవీఏ లాగుతుంది. అంటే పదహారు మోటర్లు. దాని కింద ఇరవై అయిదు ఉంటే? అందులో కొన్ని పైన 5 అని రాసి లోపల 7.5 ఉన్నవైతే? వోల్టేజి పడిపోక ఏమవుతుంది! మీ మోటరు కాలడానికి పక్కవాడి మోటరు కారణం, వాడి మోటరు కాలడానికి మీ మోటరు కారణం. షేర్డ్ హోస్టింగ్‌లో ఒకడు సర్వర్ మొత్తం తినేస్తే అందరి సైట్లూ పడుకున్నట్టే.

దీనికి తోడు ఆటో స్టార్టర్లు. ఒకప్పుడు కరెంటు రోజుకి కొన్ని గంటలే, అదీ రాత్రిపూట, ఎప్పుడొస్తుందో తెలీదు. అర్ధరాత్రి పాముల మధ్య పొలానికి పోవడం ఇష్టంలేక రైతు ఆటో స్టార్టర్ పెట్టుకున్నాడు. తప్పు పట్టేదేముంది? కానీ కరెంటు రాగానే లైను మీదున్న మోటర్లన్నీ ఒకేసారి లేస్తాయి. ఒక్కోటీ ఐదారు రెట్లు కరెంటు లాగుతూ! వోల్టేజి పాతాళానికి. ఏ మోటరూ సరిగ్గా లేవదు, అన్నీ మూలుగుతాయి. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలుపెట్టినప్పుడు ఆటో స్టార్టర్లు తీసెయ్యండని ప్రభుత్వం ఊరూరా చెప్పింది కూడా. కొందరు తీశారు, కొందరు తియ్యలేదు.

మరి కెపాసిటర్లు? (ఊళ్లో కండెన్సర్ అంటారు.) 5 హెచ్‌పీ మోటరుకి సాధారణంగా 2 కేవీఏఆర్ కెపాసిటర్ పెడితే లైను మీద అనవసరంగా అటూ ఇటూ తిరిగే కరెంటు తగ్గి, చివర్లో ఉన్నవాళ్ల వోల్టేజి కొంచెం లేస్తుంది. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉచిత విద్యుత్తుకి పెట్టిన షరతులు ఎంతమందికి గుర్తున్నాయి? కెపాసిటర్, ఐఎస్ఐ పంపుసెట్టు, రాపిడి తక్కువున్న ఫుట్ వాల్వు, హెచ్‌డీపీఈ లేదా ఆర్‌పీవీసీ పైపులు. నాలుగూ మంచివే. నాలుగూ రైతుకే లాభం. కానీ కెపాసిటర్‌తో ఉన్న చిక్కేంటంటే, నేను ఒక్కణ్నే పెడితే లాభం లైను మీదున్న అందరికీ పంచబడుతుంది, ఖర్చు మాత్రం నాది. అందుకే ఎవడూ పెట్టడు, పెట్టింది పాడైతే ఎవడూ మార్చడు. ఇది రైతు తెలివితక్కువ అనుకుంటే పొరపాటు. అపార్ట్‌మెంట్ లిఫ్టుకి మెయింటెనెన్స్ కట్టని సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లని నేను చాలామందినే చూశాను.

ఇక్కడే నాకు ఒళ్లు మండే మాట ఒకటుంది. మన ఆఫీసు క్యాంటీన్లలో తరచుగా వినిపిస్తుంది. "మన టాక్సులతో రైతులకి ఫ్రీ కరెంటు ఇచ్చి పాడుచేస్తున్నారు." ఈ మాట అనేవాళ్లలో సగం మందికి ఊళ్లో సొంత బోరుంటుంది, అదింకా విచిత్రం.

ఫ్రీయా? ఎవరికి ఫ్రీ? యూనిట్లకి బిల్లు రాకపోవచ్చు. వైండింగ్ షాపు బిల్లు ఎవరు కడుతున్నారు? 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కరెంటు చార్జీల పెంపు మీద ఊరేగింపు తీస్తే కాల్పులు జరిగి మనుషులు చచ్చిపోయారు. 2004లో ఉచిత విద్యుత్తు ఫైలు మీద సంతకం పడింది. ఈ రెండు తేదీలూ మన రాజకీయాల్లో అందరికీ కంఠతా వచ్చు. ఆ రెండింటి మధ్య, అంటే 2001లో, ప్రపంచ బ్యాంకు హర్యానా, ఆంధ్రప్రదేశ్ రైతుల మీద ఒక అధ్యయనం చేయించింది. నాసిరకం కరెంటు వల్ల మోటర్లు కాలి, ట్రాన్స్‌ఫార్మర్లు పోయి రైతు ఎంత పోగొట్టుకుంటున్నాడో లెక్క తీసిన అధ్యయనం అది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఎందుకంటే చార్జీ అంటే ఓట్లు, ఉచితం అంటే ఓట్లు. వోల్టేజి అంటే ఏముంది? వోల్టేజి మీద ఎన్నికల సభలో ఎవడు చప్పట్లు కొడతాడు?

24 గంటల కరెంటు వచ్చాక పరిస్థితి మెరుగుపడలేదని నేను చెప్పట్లేదు. రాత్రి కరెంటు కోసం కాపలా కాసిన తరానికి అది చిన్న విషయం కాదు. కానీ ఎన్ని గంటలు అన్నది ఒక ప్రశ్న, ఎన్ని వోల్టులు అన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి సమాధానం చెప్పి రెండోదాన్ని మింగేస్తే కుదరదు. టాక్స్ పేయర్ గారికీ ఒక మాట. లో వోల్టేజి మీద ఎక్కువ కరెంటు లాగే మోటరు, సన్నతీగ వేసి చుట్టిన మోటరు, కెపాసిటర్ లేని లైను... వీటన్నిట్లో వేడిగా ఆవిరైపోతున్నది మీ టాక్స్ డబ్బే. రైతుకి అందింది నీళ్లు. మిగతాది తీగల్లో కాలిపోయింది. కోపం ఎవరి మీద రావాలి మీకు?

మెయింటెనెన్స్ అనేది మా ప్రాంతానికి తెలియని విద్యేం కాదు. బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ దశాబ్దాల పాటు నడిచింది. చక్కెర ఫ్యాక్టరీ ఎట్లా నడుస్తుందో చూసినవాళ్లకి తెలుసు. చెరుకు క్రషింగ్ కొన్ని నెలలే. మిగతా నెలల్లో ఫ్యాక్టరీ నిద్రపోదు. మిల్లు రోలర్లు విప్పుతారు, పిప్పి మండించే బాయిలర్ల ఫర్నేసులు శుభ్రం చేస్తారు, ట్యూబులు పరీక్ష చేస్తారు, పోయిన వాల్వులు మారుస్తారు. ఎందుకంటే సీజన్ మధ్యలో బాయిలర్ ఆగితే యార్డులో బండ్ల మీద చెరుకు ఎండిపోతుంది. ఫర్నేస్ రిపేరు చలికాలంలో కాదు, అంతకు ముందే చేయించాలన్న జ్ఞానం షికాగో దాకా పోయి నేర్చుకోవక్కర్లేదు, బోధన్‌లోనే ఉండేది. ఆ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతుల్లోకి పోయింది, 2015 డిసెంబర్‌లో మూతపడింది. అది వేరే కడుపుమంట, ఇంకోసారి రాస్తాను. కానీ ఆ "ఆఫ్ సీజన్" అలవాటు ఫ్యాక్టరీ గేటు దాటి మా పొలాల్లోకి ఎప్పుడూ రాలేదు. మోటర్లు పంట మధ్యలోనే కాలతాయి, మధ్యలోనే బాగవుతాయి, చేతులు కాలాకే ఆకులు.

డబ్బుల కంటే పెద్ద విషయం ఒకటి చివరికి పెట్టాను. ఫర్నేస్ గురించి మాట్లాడేటప్పుడు మన మిత్రులు కార్బన్ మోనాక్సైడ్ దగ్గరకొచ్చేసరికి గొంతు తగ్గిస్తారు చూడండి. "డబ్బులు పోతే పోయాయి, పిల్లలున్న ఇల్లు కదా" అంటారు. మా మోటరుకి కూడా అలాంటిది ఒకటుంది. ఫ్యూజు. ఫేజు పోయిందంటే రాత్రిపూట లైన్‌మన్ కోసం ఎవరు ఆగుతారు? మీ నాన్నో మీ చిన్నాయనో చేతికర్ర పట్టుకుని, టార్చి నోట్లో పెట్టుకుని, ట్రాన్స్‌ఫార్మర్ గద్దె దగ్గరికి పోతారు. తడి నేల, వట్టి కాళ్లు. తీగముక్క చుట్టి ఫ్యూజు వేస్తారు. స్విచ్ సరిగ్గా పడిందో లేదో, ఒక కత్తి ఇంకా అంటుకునే ఉందో చీకట్లో కనపడదు. తెలుగు పేపర్ల జిల్లా పేజీల్లో "విద్యుదాఘాతంతో రైతు మృతి" అని ఆరు లైన్ల వార్త చదవని ఏడాది ఉందా మనకి? ఆ వార్తలో కారణం ఎప్పుడూ ఒకటే, "ప్రమాదవశాత్తు". లో వోల్టేజి అని రాయరు. ఓవర్‌లోడు వల్ల ఫ్యూజు మాటిమాటికీ పోతోందని రాయరు. మనం బిల్లు గురించి కారణం అడగనట్టే, వాళ్లు చావు గురించీ కారణం అడగరు.

సరే, తిట్టింది చాలు. చెయ్యగలిగినవి చెప్తాను. ఇవేవీ రాకెట్ సైన్సు కాదు.

1. ఈసారి "మోటరు కాలింది" అని ఫోనొస్తే "ఎంత" అనే ముందు "ఏ ఫేజు కాయిళ్లు మాడినయ్? ఫోటో తీసి పంపమను" అనండి. వాట్సాప్‌లో పొద్దున్నే వచ్చే పూల ఫోటోల కంటే ఇది ఎక్కువ పనికొస్తుంది.

2. బిల్లు విడివిడిగా రాయించండి. గుంజినందుకు ఎంత, తీగ ఎంత బరువు, ఏ గేజి, కూలి ఎంత, పాత రాగికి ఎంత తగ్గించారు. మోటరు దింపే ముందు మెగ్గర్ పెట్టి ఇన్సులేషన్ చూపించమనండి.

3. స్టార్టర్ డబ్బా విప్పించి ఫోటో తెప్పించుకోండి. ప్రివెంటర్ దగ్గర వైరు ముక్కతో డైరెక్టు కలిపి ఉంటే అది మార్చేదాకా కొత్త వైండింగ్ చేయించకండి, దండగ. రిలేని మోటరు నేమ్‌ప్లేటు మీదున్న ఆంపియర్లకి సరిపెట్టించండి.

4. ఒక క్లాంప్ మీటర్ కొని ఊరికి పంపండి. వెయ్యి, పదిహేను వందల్లో వస్తుంది. మీ నాన్నకి కాకపోతే పక్కింటి ఇంటర్ కుర్రాడికి నేర్పండి. మూడు ఫేజుల వోల్టేజి, మూడు ఫేజుల కరెంటు వారానికోసారి నోటుబుక్కులో రాయమనండి. మనకి లాగ్ ఫైల్ అంటే ఏంటో ఒకరు చెప్పాలా?

5. ఆ నోటుబుక్కు పట్టుకుని, మీ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న రైతులందరి సంతకాలతో ఒక దరఖాస్తు రాయించండి. "కరెంటు సరిగ్గా ఉంటలేదు సార్" అంటే ఏ ఆఫీసులోనైనా పట్టించుకోరు. "ఫలానా ట్రాన్స్‌ఫార్మర్, ఇన్ని మోటర్లు, ఫలానా తేదీల్లో పొద్దున ఏడింటికి ఇన్ని వోల్టులు" అని పట్టిక పెడితే ఫైలు కట్టక తప్పదు. అందరూ ఒకేసారి కెపాసిటర్లు పెట్టుకోవడం, ఆటో స్టార్టర్లు తీసెయ్యడం కూడా ఆ రోజే మాట్లాడుకోవచ్చు. ఒక్కడు చేస్తే దండగైన పని ఇరవై మంది చేస్తే లాభం.

6. ఫ్యూజు మాత్రం ఎవర్నీ ముట్టుకోనివ్వకండి. ఒక రాత్రి నీళ్లు లేకపోతే పంట చావదు. ఈ మాట మీరు గట్టిగా, కోపంగా, ఎన్నిసార్లైనా చెప్పండి. కొడుకులు, కూతుళ్లు చెప్తే వినే వయసులో ఉన్నారు వాళ్లు.

"మాకు ఇంత టైమెక్కడిది?" అంటారని తెలుసు. ఫర్నేస్‌కి మూడు కొటేషన్లు తెప్పించుకోవడానికి ఎక్కణ్నించి వచ్చిందో అక్కణ్నించే తెచ్చుకోండి. "ఆ పొలం అమ్మేసెయ్యమంటే నాన్న వినడు" అనేవాళ్లకి నా దగ్గర సమాధానం లేదు, అది మీరూ మీరూ చూసుకోండి. కానీ అమ్మేదాకా ఆ మోటరు తిరగాలి కదా.

వానాకాలం కోతలైపోయి, యాసంగి నాట్లు పడే ముందు ఒక పదిహేను ఇరవై రోజులు మోటర్లు కాస్త ఖాళీగా ఉంటాయి. వరి వేసే ఇళ్లకి అదే ఆఫ్ సీజన్. పసుపు వేసేవాళ్లకి పసుపు తవ్వాక. స్టార్టర్ డబ్బా విప్పడానికి, కాంటాక్టులు మార్చడానికి, వోల్టేజి రాసుకోవడానికి అంతకంటే మంచి టైము దొరకదు. ఈసారి దీపావళికో సంక్రాంతికో ఊరికి పోయినప్పుడు బ్యాగులో స్వీటు బాక్సు పక్కన ఒక క్లాంప్ మీటర్ కూడా పెట్టుకోండి.